కమ్యూనిటీ నర్సింగా, పబ్లిక్ హెల్తా: ఏది మేలు?

వార్డు డ్యూటీలతో విసిగిపోయిన జూనియర్లు ఫోన్ చేస్తే మాట తిరిగి తిరిగి ఒకే ప్రశ్న దగ్గర ఆగుతుంది. "అక్కా, హాస్పిటల్ వదిలేసి బయట పని చేద్దామనుకుంటున్నా. ఇళ్ళకెళ్ళి చూసే కమ్యూనిటీ పని తీసుకోనా, పబ్లిక్ హెల్త్ తీసుకోనా?" ఈ నెలలో ముగ్గురు అడిగారు. ముగ్గురికీ అరగంట చొప్పున చెప్పాను, ముగ్గురికీ ఏదో ఒకటి చెప్పడం మర్చిపోయాను. అందుకే ఈసారి రాసి పెడుతున్నా.

కమ్యూనిటీ బేస్డ్ నర్సింగ్‌లో మన పేషెంట్ ఒక మనిషి, ఆ మనిషి చుట్టూ ఉన్న కుటుంబం. పబ్లిక్ హెల్త్‌లో పేషెంట్ అంటే ఆ ప్రాంతంలో ఉన్న జనం మొత్తం. ఇది పరీక్షల్లో అందరూ రాసేదే. ఉద్యోగంలో చేరాక మాత్రం రెండింట్లోనూ సంచి భుజాన వేసుకుని గుమ్మాలెక్కడమే కదా, తేడా ఏముందిలే అనిపిస్తుంది. ఉంది. ఒక టీబీ కేసు తీసుకుంటే చాలు.

టీబీకి మామూలుగా ఆరు నెలలు మందులు వాడాలి. కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, ఇంకెందుకులే అని మనిషి మందులు ఆపేస్తాడు. అతన్ని ఆరో నెల దాకా నడిపించడం కమ్యూనిటీ నర్సు పని. కడుపులో తిప్పుతోందా, మూత్రం ఎర్రగా వస్తోందని భయపడి మాత్ర పక్కన పెట్టాడా (అది మందు రంగే, ప్రమాదం కాదు), ఇవన్నీ కనిపెట్టాలి. పబ్లిక్ హెల్త్ నర్సు అదే ఇంటికి వచ్చి, అదే కుర్చీలో కూర్చుని, వేరే ప్రశ్న వేస్తుంది: "ఈ గదిలో రాత్రిళ్ళు ఇంకెవరెవరు పడుకుంటారు?"

నిజానికి ఈ రెండు పనులూ ఒక తల్లి బిడ్డలే. 1859లో లివర్‌పూల్ వ్యాపారి విలియం రాత్‌బోన్ తన భార్య ఆఖరి రోజుల్లో సేవ చేసిన నర్సు మేరీ రాబిన్సన్‌నే, భార్య పోయాక, ఆ ఊరి పేదల ఇళ్ళకు పంపాడు. ఇంటికెళ్ళి చేసే నర్సింగ్ ఒక పద్ధతిగా మొదలైంది అక్కడే. 1893లో న్యూయార్క్‌లో లిలియన్ వాల్డ్, మేరీ బ్రూస్టర్ అనే ఇద్దరు నర్సులు వలసజనంతో కిక్కిరిసిన వాడలోనే మకాం పెట్టారు. 'పబ్లిక్ హెల్త్ నర్సు' అన్న పేరు వాల్డ్ పెట్టిందే. అప్పట్లో ఆ నగరంలో బడులకు డాక్టర్లు వచ్చి పిల్లల్ని చూసేవారు. కంటి జబ్బో, తామరో, పేలో కనిపిస్తే ఇంటికి పంపేసేవారు. ఇంటికెళ్ళిన పిల్లకు వైద్యం ఎవరు చేస్తారన్నది ఎవరికీ పట్టలేదు. 1902 అక్టోబరులో లీనా రోజర్స్ అనే నర్సును ఒక నెల ప్రయోగంగా నాలుగు బడుల్లో పెట్టారు. ఫలితం చూసి నర్సుల సంఖ్య పెంచారు. 1902 సెప్టెంబరులో జబ్బు పేరుతో బడి నుంచి పంపేసిన పిల్లలు 10,000కు పైగా ఉంటే, 1903 సెప్టెంబరుకు ఆ లెక్క 1,100 దగ్గరికి దిగింది. రోజర్స్ చేసిందేమిటంటే పుండుకు మందు రాయడం, సాయంత్రం ఇంటికెళ్ళి తల్లికి చూపించడం. ఆ చెయ్యి కమ్యూనిటీ నర్సుది. ఆ లెక్క పబ్లిక్ హెల్త్‌ది.

సరే, మన విషయానికొద్దాం. ఇళ్ళకెళ్ళే పనిలో నేను నాలుగేళ్ళు చేశాను. కాలిమీద పుండు మానని ఒక పెద్దావిడ ఉండేది. సిరల లోపం వల్ల వచ్చే ఆ రకం పుండుకు అసలు మందు గట్టిగా చుట్టే కంప్రెషన్ కట్టే. కాలికి రక్తం సరిగ్గా అందుతోందని పరీక్ష చేసుకున్నాకే కట్టాం. అయినా ఎప్పుడెళ్ళినా కట్టు వదులుగానో, పూర్తిగా ఊడిపోయో ఉండేది. "మీరు విప్పుతున్నారా అమ్మమ్మా?" అంటే "అబ్బే, లేదు తల్లీ" అనేది. ఐదోసారి వెళ్ళినప్పుడు గుమ్మం పక్కన ఆమె చెప్పులు చూశాను. కట్టు కట్టాక ఆ పాదం చెప్పులో పట్టదు. రాత్రి బాత్రూమ్‌కి పెరటి దాకా నడవాలి, వట్టి కాళ్ళతో వెళ్ళలేదు. అందుకని విప్పేసేది. వెనక పట్టీ సర్దుకునే వీలున్న పెద్ద సైజు చెప్పులు ఆమె కొడుకుతో తెప్పించాం. రెండు నెలల్లో పుండు మూసుకుపోయింది.

వార్డులో అయితే ఆ చెప్పులు నాకు ఎప్పటికీ కనపడేవి కావు. కమ్యూనిటీ పనిలో ఉన్న సుఖమంతా ఇదే. చేసింది కళ్ళముందు కనిపిస్తుంది. డ్రెస్సింగ్, కాథెటర్ (మూత్రం గొట్టం), ఇంజెక్షన్ అన్నీ చేతిలో ఉంటాయి. కష్టం కూడా ఉంది. ఇంట్లో మనం ఒంటరిగా ఉంటాం. ఊపిరి ఎగబీలుస్తున్న మనిషిని హాస్పిటల్‌కు పంపాలా, సాయంత్రం దాకా ఆగొచ్చా అన్నది అడగడానికి పక్కన సీనియర్ ఎవరూ ఉండరు. ఆ టెన్షన్ అందరికీ సరిపడదు.

ఇక పబ్లిక్ హెల్త్. కొత్తలో ఒక టీకాల రోజు మధ్యాహ్నానికి 46 మంది పిల్లలకు వేసి, రిజిస్టర్ పట్టుకుని గొప్పగా మా సీనియర్ మేడమ్ దగ్గరికెళ్ళాను. ఆవిడ తలెత్తకుండానే "ఎంతమందికి గాను?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఇల్లిల్లూ తిరిగితే ఆ వయసు పిల్లలు 58 మంది అని తేలింది. మిగిలిన 12 మందిలో తొమ్మిది మంది ఒకే సందులో ఉన్నారు. అక్కడ తల్లీ తండ్రీ ఇద్దరూ తెల్లారకముందే పనికి పోతారు. మేం శిబిరం తెరిచేది పదింటికి. "వీళ్ళకు అవగాహన లేదు" అని రిపోర్టులో రాసెయ్యడం చాలా తేలిక. మారాల్సింది మాత్రం మా టైమింగ్. సాయంత్రం ఆరుకు మళ్ళీ పెట్టాం, తొమ్మిది మందీ వచ్చారు.

నా దృష్టిలో ఏది ఎంచుకోవాలో తేల్చేది 'ఎంతమందికి గాను?' అన్న ఈ ఒక్క ప్రశ్నే. చిన్నప్పుడు చదువుకున్న భిన్నం గుర్తుందా, పైన లవం, కింద హారం? ఇళ్ళకెళ్ళే నర్సు లవం చూస్తుంది: నా దగ్గరున్న ఈ మనిషి. పబ్లిక్ హెల్త్ నర్సుకు హారం కావాలి: నా దగ్గరికి రానివాళ్ళు ఎవరు, ఎక్కడున్నారు, ఎందుకు రాలేదు? మీజిల్స్‌నే (తట్టు) చూడండి. టీకా లేని జనంలో ఒక్క కేసు 12 నుంచి 18 మందికి అంటించగలదు. ఆపాలంటే దాదాపు 95 శాతం మందికి రక్షణ ఉండాలి. అదీ ఊరు మొత్తం సగటు 95 ఉంటే సరిపోదు. వేయించుకోని వాళ్ళంతా ఒకే సందులో ఉంటే జబ్బుకు ఆ సందు చాలు. సగటు చూసి సంతోషపడేవాళ్ళకు ఈ పని రాదు.

ఇంకో చిక్కుంది. ఆ సందులో తర్వాత మీజిల్స్ రాలేదు. మా టీకా వల్ల రాలేదా, ఎలాగూ వచ్చేది కాదా? నాకు ఎప్పటికీ తెలీదు. పుండు మానిన పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. ఇక్కడ పట్టుకునే చెయ్యి లేదు. పైగా రోజులో సగం రిజిస్టర్లు, ఫోన్లు, మంచినీళ్ళ విభాగం వాళ్ళతో మీటింగులు. చేతిపని కూడా తగ్గిపోతుంది. మొన్నామధ్య మా ఇంట్లోనే ఒకరికి సెలైన్ పెట్టాల్సొస్తే వెయిన్ దొరక్క నా స్టూడెంట్‌ని పిలిపించాను. సిగ్గుగానే ఉంది, అయినా చెబుతున్నా.

ఇన్ని చెప్పాక కూడా నా ఓటు పబ్లిక్ హెల్త్‌కే. ఆ మేడమ్ అడిగిన ప్రశ్న ఒకసారి బుర్రలోకి ఎక్కాక మళ్ళీ ఒక్క పేషెంట్ దగ్గర ఆగడం నా వల్ల కాలేదు. అయితే నేరుగా అందులోకి దూకొద్దు. ముందు కనీసం రెండేళ్ళు ఇళ్ళు తిరగండి. గుమ్మం పక్కన చెప్పులు చూసిన అలవాటు లేని వాళ్ళు ఆ సందుకు వెళ్ళినా "అవగాహన లేదు" అనే రాసి వస్తారు. వెళ్ళిన ప్రతి ఇంటి మనిషీ కోలుకునేదాకా నిద్రపట్టని స్వభావమైతే మాత్రం కమ్యూనిటీ పనిలోనే ఉండిపోండి. అది రెండో రకం ఉద్యోగమేమీ కాదు.

స్కూల్ నర్సు, ఫ్యాక్టరీ నర్సు ఉద్యోగాల గురించి కూడా అడుగుతుంటారు. వేళలు బాగుంటాయి, చిన్నపిల్లలున్న వాళ్ళకు నప్పుతాయి. నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ ఈ పోలికలోకి రాదు, దానికి వేరే గుండె కావాలి.

చివరగా ఒక మాట. ఉద్యోగం పేరు చూసి మోసపోకండి. బోర్డు మీద పబ్లిక్ హెల్త్ అని ఉండి లోపల ఉత్త ఇంజెక్షన్లు వేయించే చోట్లున్నాయి, కమ్యూనిటీ అని పేరు పెట్టుకుని వాడ వాడంతా లెక్క తెలిసిన చోట్లూ ఉన్నాయి. ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు నెలాఖరు రిపోర్టు ఫారం ఒకటి చూపించమని అడగండి. అందులో 'ఎంతమందిని చూశారు' అన్న గడి ఎలాగూ ఉంటుంది. దాని పక్కన 'ఎంతమందికి గాను' అన్న గడి ఉందో లేదో చూసుకుని సంతకం పెట్టండి.