పదహారు పేజీల లెక్క: విశ్వవిద్యాలయ సాహిత్య పత్రికలో నాలుగేళ్ల పని

హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు మొదటి ఏడాది చదువుతున్నప్పుడు, శాఖ తరఫున ఏడాదికొకసారి వెలువడే సాహిత్య పత్రిక సంపాదకవర్గంలో చేరాను. పరిశోధనలో రెండో ఏడాది ముగిసేదాకా, అంటే నాలుగు సంచికలు వెలువడేదాకా అందులోనే ఉన్నాను. చేరవచ్చునా అని జూనియర్లు తరచుగా అడుగుతున్నారు కనుక, నాకు దక్కినదీ దక్కనిదీ రెండూ రాస్తున్నాను.

నా కవితలను అచ్చులో చూసుకోవాలన్న కోరికతోనే చేరానని ముందే ఒప్పుకుంటున్నాను. సంపాదకవర్గంలో ఉన్నవారి రచనలు ఆ ఏటి సంచికలో వేయకూడదన్నది మా పత్రిక పాత కట్టుబాటు కావడంతో ఆ ఆశ మొదటి సమావేశంలోనే పోయింది. ఆ కట్టుబాటు మంచిదేనని ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఇలాంటి నియమం లేని పత్రికలో చేరబోయేవారు, కిందటి సంచిక విషయసూచికను సంపాదకవర్గం పేర్లతో పోల్చి చూసుకుంటే ఆ పత్రిక సంగతి సగం తెలిసిపోతుంది.

పనిలో ఎక్కువ భాగం చదవడమే. మెయిల్లో వచ్చేవి కొన్ని, కాగితం మీద వచ్చేవి కొన్ని. ప్రతిదాని చివరా "ఇది నా స్వీయరచన, అనువాదమో అనుకరణో కాదు, మరే పత్రికకూ పంపలేదు" అన్న హామీపత్రం. అమ్మ మీద, రైతు మీద, వాన మీద రాసిన కవితలు వరసగా చదువుతూ పోతే, నాలుగో కవిత దగ్గరికి వచ్చేసరికి తరువాతి పాదం ఏమై ఉంటుందో ముందే తెలిసిపోయేది. ఆ కవితల్లో నేను అంతకుముందు రాసుకున్నవాటి పోలికలు కనిపించడం మాత్రం ఇబ్బందిగా ఉండేది. ఏ కవితాశిబిరంలోనూ నాకు ఇంత నిక్కచ్చి పాఠం దొరకలేదు.

వేసుకోలేని రచనల విషయంలో మౌనంగా ఉండిపోవడమే మన పత్రికల్లో ఎక్కువగా కనిపించే అలవాటు. మా సీనియర్ ఒకరు దానికి ఒప్పుకోలేదు. ప్రతి రచయితకూ రెండు వాక్యాలైనా రాయాలని, అందులో ఒకటి ఆ రచనకు తప్ప మరొకదానికి వర్తించకుండా ఉండాలని పట్టుబట్టారు. "స్వీకరించలేకపోతున్నాం" అని రాయడం సులువే కానీ, ఎందుకన్నది రాయాలంటే రచనను మళ్లీ చదవక తప్పదు, మళ్లీ చదివినప్పుడు ఒకటి రెండు సార్లు మా నిర్ణయమే మారిపోయింది.

అన్నిటికంటే ఎక్కువ నలిగింది మాండలికం దగ్గర. రెండో ఏడాది ఒక విద్యార్థిని పంపిన కథ పూర్తిగా నల్లగొండ పలుకుబడిలో ఉంది, సంభాషణలే కాక కథనం కూడా "పోయిండు", "వచ్చిండు", "గుంజుకున్నడు" అంటూ సాగుతుంది. సలహాదారుగా ఉన్న అధ్యాపకులు సంభాషణలను ముట్టుకోకుండా, కథనాన్ని మాత్రం "వెళ్లాడు", "లాక్కున్నాడు" అని దిద్దించారు. పాఠకులకు ఇబ్బంది కలగకూడదన్నది ఆయన వాదం. దిద్దుబాటు కోసం తీసిన ప్రూఫు చూసిన రచయిత్రి, "నా కథల మనుషులొక తీరుగ, నేనొక తీరుగ మాట్లాడాల్నా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కోస్తా జిల్లాల చదువుకున్నవారి పలుకుబడి మీద నిలబడిన శిష్టవ్యావహారికాన్నే "మామూలు తెలుగు" అనుకుంటూ వచ్చాననీ, నా ఎర్రసిరా ఒక వైపే ఒరిగి ఉందనీ అప్పుడే తెలిసింది. చాలా చర్చ తరువాత రెండో ప్రూఫులో ఆమె క్రియలను తిరిగి పెట్టించాం. ఆ సంచికను ఆవిష్కరించింది ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజున. మాట్లాడే భాష పుస్తకంలోకి రావాలని జీవితమంతా వాదించిన ఆయన పటానికి దండ వేస్తున్నప్పుడు, ఏ జిల్లా మాట్లాడే భాష అన్న ప్రశ్న మా బల్ల మీద ఇంకా తేలలేదు.

ఇక అచ్చు పని. మా డీటీపీ షాపులో ఈనాటికీ యూనికోడ్ కాని పాతరకం అను ఫాంట్లూ, 2001లో వచ్చిన 7.0 తరువాత కొత్త కూర్పు రాని, పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు పేజ్‌మేకరూ నడుస్తున్నాయి. మెయిల్లో వచ్చే రచనలన్నీ ఫోన్లలో, ఏ పరికరంలోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లో టైపు చేసి వస్తాయి, వాటిని అనులోకి మార్చినప్పుడు ఒత్తులు తారుమారవుతాయి. "హాస్టల్‌కి" అని రాయవలసినచోట మధ్యలో విడదీసే గుర్తు టైపు చేయకపోవడంతో "హాస్టల్కి" అని ముద్దగా వస్తుంది. కన్వర్టరును నమ్మి మూల ప్రతి పక్కన పెట్టుకోకుండా ప్రూఫు చూసిన మొదటి ఏడాది, ఒక కవితలో పాదమే ఎగిరిపోయింది. ఆ కవి నాతో సెమిస్టరంతా మాట్లాడలేదు, అది న్యాయమే. ఇన్‌డిజైన్‌లో నేరుగా యూనికోడ్‌తో పేజీలు కట్టవచ్చునని, అందులో భారతీయ లిపులకు పనికొచ్చే వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకుంటే ఒత్తులు చెదరవని, మండలి, గురజాడ వంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయని మూడేళ్లు చెప్పాను. షాపులోని అన్న చేతివేగం అను కీబోర్డుదే కనుక మా మాట చెల్లలేదు.

పుస్తకాన్ని పేజీల లెక్కన కాక ఫారాల లెక్కన అచ్చువేస్తారని, ఫారం అంటే పదహారు పేజీలని కూడా అక్కడే తెలిసింది. ఆరు ఫారాలకు తొంభైయారు పేజీలు. మాది ఒకసారి నూటొక్క పేజీకి చేరింది. ఏడో ఫారానికి డబ్బు లేదు. తగ్గించవలసిన ఆ అయిదు పేజీల కోసం వ్యాసాల్లో ఉపోద్ఘాతాలన్నీ కోసేశాం, వ్యాసాలు బాగుపడ్డాయి. సంపాదకీయాన్ని కూడా సగం చేయమన్నాను కానీ ఆ మాట ఎవరూ వినలేదు.

జీతం ఉండదు, బస్సు ఖర్చు మనదే, జూన్ నుంచి ఆగస్టు దాకా సాయంత్రాలు మిగలవు. ఇచ్చే ధ్రువపత్రం ఎక్కడా అక్కరకు రాలేదు. అవి నాకు పెద్ద లోపాలుగా అనిపించలేదు. అసలు లోపం పంపిణీలో ఉంది. ఆవిష్కరణ సభకూ శాలువాలకూ పెట్టిన శ్రద్ధ, పత్రికను చదివేవారి చేతికి చేర్చడంలో నాలుగేళ్లలో ఒక్కసారీ కనిపించలేదు. పక్క శాఖల విద్యార్థులకు మా పత్రిక ఒకటుందని కూడా తెలియదు. 1924లో మొదలై 1991 దాకా నడిచిన "భారతి" సాహిత్య మాసపత్రిక బైండు సంపుటాలను మా గ్రంథాలయంలో తిరగేస్తున్నప్పుడల్లా, వేసిన పత్రిక ఇంటింటికీ ఎలా చేరేదో నేర్చుకోవలసిందని అనుకునేవాణ్ణి.

పేరు అచ్చులో చూసుకోవడమే ధ్యేయమైనవారికి ఈ పని చేయమని చెప్పను, వారు బయటి పత్రికలకు పంపుకోవడమే మేలు. ఇతరుల సగం ఉడికిన వాక్యం దగ్గర గంటసేపు కూర్చోగలిగినవారు తప్పక చేరాలి, చేరి పంపిణీ పని తమకే అప్పగించమని అడగాలి. నాలుగో సంచిక కట్టలు రెండు శాఖ బీరువాలో ఇంకా విప్పకుండానే ఉన్నాయి. తాళంచెవి ఆఫీసులో దొరుకుతుంది.