అభ్యర్థి గురించి ఓటరుకు, ఓటరు గురించి అభ్యర్థికి: ఎన్నికల సంఘం సేవలపై ఒక సమీక్ష

తెలంగాణలో 2023 నవంబరు 30న, ఆంధ్రప్రదేశ్‌లో 2024 మే 13న జరిగిన పోలింగ్‌కు ముందు అభ్యర్థులు మన గుమ్మంలో నిలబడి చెప్పిన మాటల్లో మూడు విషయాలు పదే పదే వినిపించాయి. మొదటిది ఆరోగ్యశ్రీ. రెండోది పింఛను, గ్యాస్ బండ, నిరుద్యోగ భృతి వంటి ఇంటి ఖర్చుకు సంబంధించిన హామీలు. మూడోది, ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్‌లో, మన ఇంటి వివరాలు ఎవరి చేతుల్లో ఉన్నాయన్న వివాదం. ఆ మాటల్లో ఏది నమ్మాలో తేల్చుకోవడానికి కేంద్ర ఎన్నికల సంఘం ఉచితంగా ఇస్తున్న సేవలు, అంటే అభ్యర్థుల అఫిడవిట్ల పోర్టల్, నో యువర్ క్యాండిడేట్, ఓటర్ హెల్ప్‌లైన్, సీ-విజిల్ యాప్‌లు, ఎంతవరకు ఉపయోగపడతాయన్నది ఈ సమీక్ష విషయం. వీటితో సహా నలభైకి పైగా యాప్‌లను, వెబ్‌సైట్లను ఈసీఐనెట్ అనే ఒకే వేదికపైకి తెస్తున్నట్టు సంఘం 2025లో ప్రకటించింది. వేదిక మారినా వెనకున్న పత్రాలు, నిబంధనలు అవే కనుక ఇక్కడ చెప్పేది ఇకముందూ వర్తిస్తుంది.

మొత్తం సేవల్లో అన్నిటికన్నా విలువైనది అఫిడవిట్ల పోర్టల్. నామినేషన్‌తో పాటు ప్రతి అభ్యర్థీ ఫారం 26లో ప్రమాణపత్రం ఇవ్వాలి. పెండింగు కేసులు, శిక్షలు, తనవీ, జీవిత భాగస్వామివీ, తనపై ఆధారపడినవారివీ స్థిర చరాస్తులు, అప్పులు, ప్రభుత్వానికి ఉన్న బకాయిలు, చదువు, ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయం అన్నీ అందులో ఉండాలి. ఇది ఏ పార్టీ దయతోనో వచ్చింది కాదు. అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2002లో ఇచ్చిన తీర్పుతో వచ్చింది. దాన్ని నీరుగార్చేలా పార్లమెంటు చట్టం చేస్తే, 2003లో కోర్టు ఆ సెక్షన్‌ను కూడా కొట్టివేసింది. పత్రికలు మర్నాడు ‘ఆస్తి ఇన్ని కోట్లు, సొంత కారు లేదు’ అని వేసే వార్త అందరూ చదువుతారు గాని, అసలు సరుకు లోపలి పేజీల్లో ఉంటుంది. చరాస్తుల పట్టికలో కంపెనీల వాటాల గడి చూడండి. ప్రైవేటు ఆసుపత్రిలోనో, వైద్య కళాశాల నడిపే సంస్థలోనో వాటా ఉంటే అక్కడ రాయక తప్పదు. ప్రభుత్వ వైద్యాన్ని బలోపేతం చేస్తానని మైకు పట్టుకుని చెప్పే పెద్దమనిషికి ఆ గడిలో ఏముందో చూశాక ఆయన ఉపన్యాసం మరోలా వినిపిస్తుంది. వాటా ఉండటం నేరమేమీ కాదు, తెలిసి ఓటేయడం వేరు, తెలియక ఓటేయడం వేరు. ఆదాయ వనరుల గడిలో ‘వ్యవసాయం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టేవారు పార్టీలకతీతంగా కనిపిస్తారు. ఐదేళ్ల రిటర్నుల అంకెలను ఆ మాట పక్కన పెట్టి చూస్తే మన రాష్ట్రాల్లో వ్యవసాయం ఇంత లాభసాటిగా ఉందా అన్న సందేహం కలగడం సహజం.

అయితే ఇంత విలువైన పత్రాన్ని అందించే తీరు మాత్రం ఆ విలువకు తగ్గట్టు లేదు. అఫిడవిట్లు స్టాంపు కాగితాలపై నోటరీ ముద్రలతో ఉన్న పత్రాల స్కాన్ ప్రతులు. వాటిలో ఒక మాట కోసం వెతకలేం, ఒక అంకెను పక్క అభ్యర్థి అంకెతో పోల్చలేం. అదే అభ్యర్థి ఐదేళ్ల కిందట ఏం రాశాడో పక్కపక్కన చూపే వీలు పోర్టల్‌లో లేదు. ఆ పని అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ నడిపే మైనేత వెబ్‌సైట్ ఏళ్ల తరబడి చేస్తోంది. ఒక స్వచ్ఛంద సంస్థ అన్ని రాష్ట్రాల అఫిడవిట్లనూ పట్టికలుగా మార్చి పెట్టగలిగినప్పుడు, నామినేషన్ల సమయంలోనే వివరాలను టైపు చేసిన పట్టికగా తీసుకోవడం సంఘానికి అసాధ్యమేమీ కాదు. 2022 జనవరిలో వచ్చిన నో యువర్ క్యాండిడేట్ యాప్ ఒక అభ్యర్థి మీద కేసులున్నాయో లేదో ఒక్క చూపులో చెబుతుంది. అంతకు మించి కావాలంటే మళ్లీ అదే అఫిడవిట్‌కు పంపుతుంది. నేరచరిత్ర ఉన్నవారిని ఎందుకు ఎంపిక చేశారో పార్టీలు 48 గంటల్లో చెప్పాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ‘ప్రజాసేవలో అనుభవం, నియోజకవర్గంలో పలుకుబడి’ అన్న ధోరణిలో సాగే ఆ సమాధానాలు చదివితే తూతూమంత్రం ఎలా ఉంటుందో తెలుస్తుంది.

అసలు లోటు హామీల దగ్గర ఉంది. అభ్యర్థి ఆస్తి గురించి ఇంత చెప్పే వ్యవస్థ, అతను ఇచ్చిన మాట గురించి ఒక్క ముక్కా చెప్పదు. ఆరోగ్యశ్రీనే తీసుకుందాం. తెలంగాణలో కాంగ్రెస్ చేయూత గ్యారంటీ కింద 10 లక్షల రూపాయల పరిమితిని ప్రకటిస్తే, భారాస 15 లక్షలంది. అప్పటివరకు ఉన్నది 5 లక్షలు. కాంగ్రెస్ గెలిచిన వెంటనే 2023 డిసెంబరు 9న 10 లక్షల పరిమితి అమల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెలలో జగన్ ప్రభుత్వం 25 లక్షలకు పెంచింది. తెలుగుదేశం కూటమి కూడా తన మేనిఫెస్టోలో కుటుంబానికి 25 లక్షల ఆరోగ్య బీమా అని రాసింది. అంకెల వేలంపాటలా సాగిన ఈ పోటీలో రోగికి నిజంగా కావలసిన సమాచారం వేరే ఉంది. అత్యధిక చికిత్సలకు అయ్యే ఖర్చు ఆ పై పరిమితి దరిదాపులకు కూడా రాదు. ఆసుపత్రి గుమ్మం దగ్గర రోగిని ఆపేది పరిమితి కాదు, ప్రభుత్వం నెట్‌వర్క్ ఆసుపత్రులకు చెల్లించని బకాయి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లోనూ, 2025లో రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు తీర్చకుంటే సేవలు ఆపుతామని ఆ ఆసుపత్రుల సంఘాలు ప్రకటించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పరిమితి పెంచుతానన్న అభ్యర్థిని ‘పాత బిల్లులు ఎంత, ఏ పద్దు నుంచి ఎన్ని నెలల్లో కడతారు’ అని అడగడానికి కావలసిన అంకె ఓటరుకు అందే చోటు ఈ సేవల్లో ఎక్కడా లేదు.

పింఛను నాలుగు వేలు, గ్యాస్ బండ 500కు, మహిళలకు నెలకు 2,500 లేదా 1,500, నిరుద్యోగులకు 3,000 అన్నప్పుడూ ఇదే పరిస్థితి. మేనిఫెస్టోలపై మార్గదర్శకాలు రూపొందించాలని సుబ్రమణియం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు 2013లో ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. దాంతో హామీల వెనక ఉన్న హేతువు, నిధులు సమకూర్చే మార్గాలు స్థూలంగా చెప్పాలన్న మాట ప్రవర్తనా నియమావళిలో చేరింది. ఆ ‘స్థూలంగా’ అన్న వెసులుబాటులోంచి అన్ని పార్టీలూ హాయిగా దాటిపోయాయి. 2022 అక్టోబరులో సంఘమే ఒక నమూనా పత్రాన్ని ప్రతిపాదించింది. హామీ ఎంతమందికి వర్తిస్తుంది, ఎంత ఖర్చవుతుంది, ఆ సొమ్ము కొత్త పన్నుతో వస్తుందా, అప్పుతో వస్తుందా, వేరే ఖర్చు తగ్గించి తెస్తారా అన్నవి అందులో నింపాలి. పార్టీలు అభ్యంతరాలు చెప్పాయి, ఆ పత్రం ప్రతిపాదనగానే మిగిలింది. దాన్ని ఫారం 26 పక్కనే మరో బొత్తంగా పోర్టల్‌లో పెట్టి ఉంటే ఈ సమీక్షలో సగం రాయాల్సిన పని ఉండేది కాదు.

ఇక ఓటరు గోప్యత. ఈ విషయంలో నా అసంతృప్తి ఎక్కువ, అందుకే కాస్త వివరంగా రాస్తాను. పోలింగుకు ముందు ఒక అభ్యర్థి తరఫున మా ఇంటికి వచ్చిన కార్యకర్త సెల్‌ఫోనులో మా పోలింగ్ కేంద్రం తెరిచి, ఇంటి నంబరు నొక్కి, నడుముకు తగిలించుకున్న చిన్న ప్రింటరు నుంచి ఏటీఎం రసీదంత చీటీలు తీసి చేతికిచ్చాడు. పేరు, భాగం నంబరు, వరుస సంఖ్య అన్నీ సరిగ్గా ఉన్నాయి. అంతవరకు ఆశ్చర్యం లేదు, గుర్తింపు పొందిన పార్టీలకు ఓటర్ల జాబితా ప్రతులు ఉచితంగా ఇవ్వాలని నిబంధనే ఉంది. కానీ ఆ తెర మీదే చూస్తూ ‘అమ్మగారికి పింఛను సక్రమంగా అందుతోంది కదండీ’ అని అతను పలకరించినప్పుడు మాత్రం ఆలోచించాల్సి వచ్చింది. ఓటర్ల జాబితాలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, లింగం, గుర్తింపు కార్డు సంఖ్య ఉంటాయి. పింఛను వివరం ఉండదు, ఫోను నంబరూ ఉండదు. అంటే ఎక్కడో ఎవరో లబ్ధిదారుల జాబితాను తెచ్చి ఓటర్ల జాబితాకు అతికించారు. ఒక్కో జాబితా విడిగా ఉన్నప్పుడు పెద్దగా హాని చేయదు. రెండూ కలిసిన క్షణంలో ‘ఈ ఇంటికి ఇంత ఇచ్చాం, ఈ ఇంటి ఓటు ఎటు’ అన్న లెక్క తయారవుతుంది.

మన రాష్ట్రాలకు ఇది కొత్త కాదు. 2019 మార్చిలో తెలుగుదేశం కార్యకర్తలు వాడే సేవామిత్ర యాప్ తయారుచేసిన ఐటీ గ్రిడ్స్ సంస్థపై సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టినప్పుడు, ఆంధ్రప్రదేశ్ ఓటర్ల వివరాలు తెలుగుదేశం చేతికి చేరాయని వైకాపా ఆరోపించింది. తెలుగుదేశం ఆ ఆరోపణను ఖండించి, తమ పార్టీ సమాచారాన్నే తెలంగాణ పోలీసులు ఎత్తుకెళ్లారని ఎదురు తిరిగింది. అదే కాలంలో పేర్ల తొలగింపు కోరుతూ ఫారం 7 దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డాయి. నాలుగేళ్లు తిరిగేసరికి పాత్రలు మారాయి. 2023 జులైలో ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు వాలంటీర్లు సేకరిస్తున్న కుటుంబ వివరాలు ఎక్కడికి పోతున్నాయని పవన్ కల్యాణ్ ప్రశ్నించారు, ఈసారి వైకాపా ఖండించింది. 2024 మార్చి చివర్లో పింఛన్ల వంటి నగదు పంపిణీకి వాలంటీర్లను దూరంగా ఉంచాలని ఎన్నికల సంఘం ఆదేశించింది. ఎవరు ప్రతిపక్షంలో ఉంటే వారికి గోప్యత గుర్తుకొస్తుందన్నది ఈ రెండు సందర్భాలను కలిపి చూస్తే తేలే విషయం. కనుక ఈ అంశంపై అభ్యర్థి ఆవేశాన్ని బట్టి మార్కులు వేయకుండా, గెలిచాక లబ్ధిదారుల జాబితా పార్టీ కార్యాలయానికి చేరకుండా ఏ ఏర్పాటు చేస్తావని అడగడం మేలు.

మరి సంఘం మన వివరాలను ఎలా కాపాడుతోంది? 2018 నుంచి వెబ్‌సైట్‌లో జాబితాలను వెతకడానికి వీలులేని బొమ్మల రూపంలో, క్యాప్చా దాటాకే అందేలా పెడుతున్నారు. ఫొటోలు పెట్టరు. వెతకడానికి వీలైన జాబితా ఇవ్వాలని కాంగ్రెస్ నాయకుడు కమల్‌నాథ్ వేసిన కేసును అదే ఏడాది సుప్రీంకోర్టు తోసిపుచ్చింది, కావాలంటే సొంత శ్రమతో మార్చుకోవచ్చని కూడా చెప్పింది. బొమ్మలోని అక్షరాలను పట్టికగా మార్చే సాఫ్ట్‌వేర్ కొనగల పార్టీకి ఈ గోడ అడ్డే కాదు. తన వార్డులో ఎన్ని పేర్లు మాయమయ్యాయో లెక్కించాలనుకునే కాలనీ సంఘానికి మాత్రం పెద్ద అడ్డు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఆదుకుంటుందనుకుంటే, చట్టం ప్రకారం బహిరంగపరచాల్సిన వివరాలను ఆ చట్టమే తన పరిధి నుంచి తప్పించింది.

ఆధార్ అనుసంధానం కోసం 2022లో తెచ్చిన ఫారం 6బి మరో ఉదాహరణ. ఆధార్ ఇవ్వడం ఐచ్ఛికమని పైకి చెబుతూ, ఫారంలో మాత్రం నంబరు రాయండి లేదా నాకు ఆధార్ లేదని ప్రకటించండి అన్న రెండే దారులు పెట్టారు. ఉంది గాని ఇవ్వదలచుకోలేదు అనడానికి గడి లేదు. దీనిపై తెలంగాణ కాంగ్రెస్ నాయకుడు జి. నిరంజన్ సుప్రీంకోర్టుకు వెళితే, ఆధార్ తప్పనిసరి కాదని, ఫారాల్లో తగిన స్పష్టత తెస్తామని 2023 సెప్టెంబరులో సంఘం ఒప్పుకుంది. అప్పటికే 66 కోట్లకు పైగా నంబర్లు నమోదైపోయాయి.

మిగతా సేవల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సీ-విజిల్ బాగుంది. డబ్బు, మద్యం పంపిణీ కంటపడితే అక్కడికక్కడే ఫొటో లేదా వీడియో తీసి పంపవచ్చు, ఫోనులో పాతది వేయనివ్వదు, పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయవచ్చు, వంద నిమిషాల్లో తేల్చాలన్నది లక్ష్యం. పల్లెల్లో ఎదురింటివారిపై ఫిర్యాదు చేయాల్సి వచ్చే మనకు ఆ అజ్ఞాత సౌకర్యమే దాని ప్రాణం. ఓటర్ హెల్ప్‌లైన్‌లో ఓటర్ల జాబితాలో పేరు వెతికే సేవను మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. 2018 డిసెంబరులో తెలంగాణలో పేర్లు గల్లంతై ఓటర్లు వెనుదిరిగినప్పుడు అప్పటి ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ చెప్పారు గాని, పోయిన ఓటు తిరిగి రాలేదు. నామినేషన్ల చివరి తేదీ దాటితే జాబితాలో పేరు చేర్చడం చట్టరీత్యా కుదరదు కనుక, వెతకడం ఏదైనా ఉంటే నోటిఫికేషన్‌కు ముందే పూర్తి చేసుకోవాలి. పంచాయతీ, పురపాలక ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం నిర్వహిస్తుంది, అప్పుడు ఈ యాప్‌లలో అభ్యర్థుల కోసం వెతికి ప్రయోజనం లేదు.

చివరిగా, రహస్య ఓటు అని మనం ధీమాగా చెప్పుకునే చోట ఉన్న ఒక చిల్లును ప్రస్తావించక తప్పదు. లెక్కింపు తర్వాత ఫారం 20లో పోలింగ్ కేంద్రాల వారీగా ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చాయో ప్రచురిస్తారు. కాగితపు బ్యాలెట్ల కాలంలో కేంద్రాల ఓట్లను కలిపి లెక్కించే వీలుండేది, యంత్రాలు వచ్చాక అది పోయింది. ఒక తండాకో, ఒక చిన్న కాలనీకో ఒకే కేంద్రం ఉన్నప్పుడు అక్కడివారు ఎవరికి వేశారో దాదాపు తెలిసిపోతుంది. ‘మీ ఊరు మాకు వేయలేదు, రోడ్డు మీకెందుకు’ అన్న మాట అక్కడి నుంచే పుడుతుంది. కొన్ని యంత్రాల ఓట్లను కలిపి మొత్తం మాత్రమే చూపే టోటలైజర్‌ను ఎన్నికల సంఘమే 2008లో ప్రతిపాదించింది, లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సమర్థించింది, కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఓటరు గోప్యత గురించి వేదికలెక్కి మాట్లాడిన మన పార్టీలేవీ దీన్ని ప్రధాన ఎన్నికల నినాదంగా ఎత్తుకోలేదు. పోటీ చేసేవారందరికీ ఆ పట్టిక అక్కరకొస్తుందన్నదే ఆ మౌనానికి కారణమై ఉండాలి.