మ్యాచ్ ఎప్పుడో అయిపోయింది, నా టికెట్ మాత్రం ఇంకా ‘అప్‌కమింగ్’ లోనే: ఒక టికెట్ యాప్ రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తా, మిగతాది ఓపికున్నవాళ్ళు చదువుకోండి. అయిదుకి రెండు. ఆ రెండు కూడా బుకింగ్ వరకే. రీఫండ్‌కి విడిగా రేటింగ్ ఇవ్వనిస్తే సున్నా పెట్టేవాణ్ణి, కానీ కనీసం ఒక్క స్టారన్నా నొక్కకపోతే రివ్యూ సబ్మిట్ కాదు కాబట్టి బతికిపోయారు.

యాప్ పేరు కావాలనే రాయట్లేదు. కరోనా టైంలో మ్యాచ్‌లు ఆగిపోయినప్పుడు టికెట్లు అమ్మేవాళ్ళు చాలామంది ఇదే దారిలో నడిచారు, ఒక్కళ్ళనే పట్టుకుని కడిగేస్తే మిగతావాళ్ళు హాయిగా తప్పించుకుంటారు. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకయ్యా అంటే మొన్న మళ్ళీ ఇదే యాప్‌లో బుక్ చేయాల్సొచ్చింది, నాకు కావాల్సిన టోర్నీ టికెట్లు అమ్మేది వీళ్ళొక్కళ్ళే, వేరే దిక్కు లేదు. బుక్ చేశాక మీ అనుభవం ఎలా ఉందో చెప్పండి అని మెసేజ్ వచ్చింది. అడిగారు కదా, చెప్తున్నా.

బుకింగ్ వరకు పేరు పెట్టడానికి లేదు. సీట్ మ్యాప్ బావుంటుంది, బ్లాక్ మీద నొక్కితే అక్కణ్ణుంచి గ్రౌండ్ ఎలా కనిపిస్తుందో ఫోటో వస్తుంది, పేమెంట్ మధ్యలో ఆగిపోయినా సీట్లు కాసేపు మన పేరు మీదే పట్టి ఉంచుతుంది. డబ్బులు తీసుకోవడంలో ఇంత చక్కగా పనిచేసే యాప్ నేనింకోటి చూళ్ళేదు. వెనక్కివ్వడం దగ్గరికొచ్చేసరికి వేరే కంపెనీ వాళ్ళెవరో చేసిన యాప్‌లా ఉంటుంది.

2020 మార్చి మొదట్లో ఒక టోర్నీకి ఫ్రెండ్స్ అందరికీ కలిపి నేనే టికెట్లు కొన్నా. అప్పటికి జనంలో భయం సగం సగమే, గుర్తుందా? ఆ నెల 8న మెల్‌బోర్న్‌లో మహిళల టీ20 వరల్డ్ కప్ ఫైనల్‌కి 86,174 మంది వెళ్ళారు, ఎవరూ పెద్దగా ఏమీ అనుకోలేదు. సరిగ్గా ఆ మర్నాడే అమెరికాలో రూడీ గొబేర్ అనే బాస్కెట్‌బాల్ ప్లేయర్ ప్రెస్ మీట్ అయ్యాక లేచి వెళ్తూ ముందున్న మైకులన్నీ సరదాకి చేత్తో తడిమి వెళ్ళాడు, 11న అతనికే పాజిటివ్, ఓక్లహోమాలో అతని టీమ్ మ్యాచ్ ఇంకో నిమిషంలో మొదలవుతుందనగా ఆపేసి జనాన్ని ఇళ్ళకి పొమ్మన్నారు, ఆ రాత్రే ఎన్‌బీఏ, అంటే వాళ్ళ బాస్కెట్‌బాల్ లీగ్, సీజన్ మొత్తం సస్పెండ్. మైకులతో వేళాకోళం ఆడిన మనిషికీ లీగ్ మూతపడటానికీ మధ్య రెండంటే రెండ్రోజులు. జనం మూడ్ మారింది కూడా దాదాపు అంతే స్పీడుగా.

ఆ వారంలో ఈ యాప్ కింద వచ్చిన రివ్యూలు ఇప్పటికీ ఉన్నాయి, కిందకి స్క్రోల్ చేస్తే దొరుకుతాయి, టైం పాస్‌కి చదవొచ్చు. మొదట్లో అందరూ ఈ మాత్రం జలుబుకి మ్యాచ్ ఆపుతారా అని ఒక స్టార్ ఇచ్చారు. పాపం యాప్ ఏం చేస్తుంది, రోగం వాళ్ళు తేలేదు కదా. ఒక పది రోజులు పోయాక అదే చోట ఇంకా ఆడిస్తున్నారేంటి, మనుషుల ప్రాణాలంటే లెక్క లేదా అని మళ్ళీ ఒక స్టార్. అంటే ఆపినా ఒకటే, ఆపకపోయినా ఒకటే! తర్వాత్తర్వాత రోగం గురించి మాటలు తగ్గిపోయి అన్నీ ఒకటే పాట, మా డబ్బులేవి.

నాకైతే ఈ మూడింట్లో మూడోదే న్యాయమైన కోపం అనిపిస్తుంది. మ్యాచ్ రద్దయినందుకు జనం బాధపడ్డారు, కాసేపు తిట్టుకున్నారు, తర్వాత అర్థం చేసుకున్నారు. ఎటూ తేల్చకుండా నానబెడితేనే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఆస్ట్రేలియా ఫార్ములా వన్ సంగతే తీసుకోండి, మార్చి 12న మెక్‌లారెన్ టీమ్ మెంబర్‌కి పాజిటివ్ అని ఆ టీమ్ తప్పుకుంది, అదే రోజు రేసర్ హామిల్టన్ క్యాష్ ఈజ్ కింగ్, డబ్బే రాజు అని మొహం మీదే అనేశాడు, అయినా 13న పొద్దున్నే జనం వచ్చి రేసు జరిగే ఆల్బర్ట్ పార్క్ గేట్ల ముందు క్యూ కట్టేదాకా నిర్వాహకులు నోరు విప్పలేదు. గేట్ దగ్గర నిలబెట్టి లేదు పొమ్మంటే అరవరా మరి? నేనైనా అరుస్తా. అదే వారంలో మన ఇండియా, సౌతాఫ్రికా వన్డేలు లక్నో, కోల్‌కతాలో ఉన్నాయి, 12న ప్రేక్షకులు లేకుండా ఆడిస్తాం అన్నారు, 13న అసలు సిరీసే లేదన్నారు. జనం ఉసూరుమన్నారు గానీ ఒక్కరోజులో తేల్చేశారు, దానికి పెద్ద గొడవేం కాలేదు.

సరే మా టికెట్ల దగ్గరికొద్దాం. మా టోర్నీని రద్దు చేయలేదు, వాయిదా వేశారు. మొత్తం మెలిక ఇక్కడే ఉంది. యాప్ రూల్స్‌లో ఈవెంట్ క్యాన్సిల్ అయితేనే రీఫండ్, పోస్ట్‌పోన్ అయితే పాత టికెట్టే చెల్లుతుంది. కాబట్టి నిర్వాహకులు క్యాన్సిల్ అననంత కాలం యాప్ వాళ్ళు పైసా ఇవ్వక్కర్లేదు, నిర్వాహకులు ఎందుకంటారు, అలా అంటే వాళ్ళ జేబులోంచి పోతుంది. ఇది మా ఒక్కళ్ళ గోల కాదు, అమెరికాలో బేస్‌బాల్ సీజన్ ఇలాగే గాల్లో ఉంటే 2020 ఏప్రిల్‌లో ఇద్దరు ఫ్యాన్స్ లీగ్ మీదా టీముల మీదా టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్, స్టబ్‌హబ్ కంపెనీల మీదా కోర్టుకెళ్ళారు. వాళ్ళ వాదన కూడా ఇదే, జరగవని అందరికీ తెలిసిన మ్యాచ్‌లని వాయిదా అని చెప్పి మా డబ్బులు పట్టుకు కూర్చున్నారు అని. ఆ నెలల్లోనే టికెట్‌మాస్టర్ తన రీఫండ్ పేజీలో వాయిదా పడ్డవాటి ఊసు తీసేసి రద్దయినవాటికే అని మార్చిందని పెద్ద రభస, స్టబ్‌హబ్ అయితే రద్దయిన వాటికి కూడా డబ్బులకి బదులు 120 శాతం విలువ చేసే కూపన్ చేతిలో పెట్టింది. ఇరవై శాతం ఎక్కువిస్తున్నారు కదా అని సంబరపడాలన్నమాట, వాడుకోవడానికి ఒక్క మ్యాచ్ లేనప్పుడు.

మా యాప్‌లో కస్టమర్ కేర్ నంబర్ ఎత్తేశారు, చాట్‌బాట్ ఒక్కటే మిగిలింది. రీఫండ్ అని టైప్ చేస్తే ‘మీ ఈవెంట్ పోస్ట్‌పోన్ అయింది, మీ టికెట్ సురక్షితంగా ఉంది’ అంటుంది. మనిషితో మాట్లాడాలి అని కొడితే ‘మీ టికెట్ సురక్షితంగా ఉంది’. రాను, నాకొద్దు, డబ్బులిచ్చేయండి అంటే ‘సంతోషం! ఇంకేమైనా సహాయం కావాలా?’ అంటుంది. ఏం చూసి సంతోషమో!

ఆ ఏడాది చివర్లో మా టోర్నీ జరిగింది. ఎక్కడో వేరే చోట, ప్రేక్షకుల్ని రానివ్వకుండా. ఫైనల్ టీవీలో చూశా, కప్పు ఇచ్చారు, కాగితం ముక్కలు ఎగరేశారు, ఎవరూ లేని గ్యాలరీలకి రికార్డు చేసిన అరుపులు కలిపి వినిపించారు. ఆ రాత్రి యాప్ తెరిస్తే ‘మై టికెట్స్’ లో మా టికెట్ ఇంకా అప్‌కమింగ్ ట్యాబ్‌లోనే ఉంది, పచ్చరంగులో కన్ఫర్మ్‌డ్ అని, కింద క్యూఆర్ కోడ్, గేట్ నంబర్, గేట్లు ఎన్నింటికి తెరుస్తారో టైం, పవర్ బ్యాంకులు తేవద్దని ఒక హెచ్చరిక. స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెడితే మావాడొకడు పవర్ బ్యాంక్ లేకుండా వెళ్ళమంటావా ఉంచుకోమంటావా అని అడిగాడు.

ఆ తర్వాత వోచర్ ఇచ్చారు. రీఫండ్ కాదు, వోచర్. ఏడాదిలోపు వాడుకోవాలట, కన్వీనియెన్స్ ఫీ పోను మిగిలినదానికి. ఆ ఏడాదిలో మాకు అందుబాటులో జనాన్ని రానిచ్చే మ్యాచ్ ఒక్కటి కూడా పెట్టలేదు, గడువు అయిపోయింది, అడిగితే ‘ఈ వోచర్ చెల్లదు’. పొడిగించమని మెయిల్ పెడితే గోడకి చెప్పుకున్నట్టే.

యాప్ వైపు నుంచి కూడా చెప్పాలి. వీళ్ళు మధ్యవర్తులు, టికెట్ డబ్బులో ఎక్కువ భాగం నిర్వాహకుల చేతికి వెళ్ళిపోయుంటుంది, ఒకేసారి వేలమంది ఇచ్చేయండి అంటే వీళ్ళ దగ్గర అంత ఉండకపోవచ్చు. వింబుల్డన్ వాళ్ళు 2020 ఏప్రిల్ 1న రద్దు అని ప్రకటించి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మొదటిసారి అది, టికెట్ కొన్నవాళ్ళకి డబ్బు వెనక్కిచ్చి వచ్చే ఏడు అదే రోజు అదే కోర్టుకి టికెట్ కొనుక్కునే అవకాశం ఇస్తాం అన్నారు. చప్పట్లు కొట్టాల్సిందే, కానీ వాళ్ళకి అంటువ్యాధులకి కూడా వర్తించే ఇన్సూరెన్స్ ముందునుంచే ఉంది, ఏళ్ళ తరబడి ప్రీమియం కట్టుకుంటూ వచ్చారు. అందరికీ అంత ముందుచూపు ఉండదు, ఒప్పుకుంటా.

అయితే డబ్బు లేకపోవడం వేరు, మనిషికి ఉన్నదున్నట్టు చెప్పకపోవడం వేరు. జర్మనీలో లోకోమోటివ్ లైప్‌జిగ్ అని చిన్న ఫుట్‌బాల్ క్లబ్, మ్యాచ్‌లు లేక చేతిలో డబ్బు ఆడక, 2020 వసంతంలో లేని మ్యాచ్‌కి టికెట్లు అమ్మింది. ప్రత్యర్థి లేడు, ఆట లేదు, ఒక యూరో ఇస్తే మాకు సాయం, అంతే అని సూటిగా చెప్పారు. లక్షన్నర పైగా అమ్ముడుపోయాయి! అంతమంది ఆ స్టేడియంలో పట్టను కూడా పట్టరు. అక్కడే ఇంకో క్లబ్ బొరుసియా మున్షన్‌గ్లాడ్‌బాఖ్ ఫ్యాన్స్ 19 యూరోలు కట్టి తమ ఫోటోలు అట్టబొమ్మలుగా చేయించి ఖాళీ సీట్లలో పెట్టించుకున్నారు. బెలారస్‌లో ఫుట్‌బాల్ లీగ్ ఆపనే లేదు, అది మంచో చెడో వేరే గొడవ గానీ అక్కడ డైనమో బ్రెస్ట్ క్లబ్ ఆన్‌లైన్ టికెట్ కొన్నవాళ్ళ మొహాలు ప్రింట్ చేసి బొమ్మలకి తగిలించి స్టాండ్‌లో కూర్చోబెట్టింది. అంటే ఏంటి, అభిమాని డబ్బు ఇవ్వడానికి వెనకాడడు, రానివ్వకపోయినా ఇస్తాడు, మా యాప్ వాళ్ళు కూడా ఇదీ పరిస్థితి, సగం మీరు వదిలేసుకోండి అని అడిగుంటే మా గ్రూప్‌లో సగం మంది సరే అనేవాళ్ళు, నేనైతే కచ్చితంగా అనేవాణ్ణి. అడగలేదు. ముఖం చాటేశారు.

ఇంకో మాట, రద్దు చేస్తేనే జనం గొడవ చేస్తారు అనుకోవడం కూడా శుద్ధ తప్పు. టోక్యో ఒలింపిక్స్‌కి ముందు 2021 మేలో అసాహి షింబున్ అనే జపాన్ పేపర్ సర్వే చేస్తే 43 శాతం రద్దు చేసేయమన్నారు, 40 శాతం మళ్ళీ వాయిదా వేయమన్నారు, అంటే ఆతిథ్యం ఇచ్చే దేశంలోనే పదిమందిలో ఎనిమిదిమందికి ఆ వేసవిలో ఆట వద్దు. నిర్వాహకులు ఆడించారు. మన ఐపీఎల్ కూడా, 2020లో మార్చి 29 నుంచి ఏప్రిల్ 15కి, అక్కణ్ణుంచి ఎప్పుడో తెలీని రోజుకి, చివరికి సెప్టెంబర్ 19న యూఏఈకి పోయినప్పుడు హమ్మయ్య ఏదో ఒకటి చూడ్డానికి దొరికిందని మురిసిపోయిన జనమే 2021 ఏప్రిల్‌లో బయట ఆక్సిజన్ దొరక్క అల్లాడుతుంటే ఈ సిక్సర్లేంటి అని ఛీ కొట్టారు, న్యూ ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పేపరైతే ఐపీఎల్ వార్తలే వేయం అని ఆపేసింది, మే 4న టోర్నీ ఆగింది. ఆగినందుకు తిట్టినవాళ్ళు ఆ రోజు నాకైతే పెద్దగా కనబడలేదు. జనం గాలిని బట్టి మాట్లాడతారు నిజమే, కానీ ఆ గాలి ఎటు వీస్తోందో కనిపెట్టి టైంకి ఒక మెసేజ్ పెట్టడం టికెట్ యాప్‌కి అంత కష్టమా? ఆఫర్లున్నప్పుడు అర్ధరాత్రి కూడా పెడతారుగా.

ఇప్పుడు కొత్తగా బుక్ చేసినప్పుడు ఏం మారిందో చూశా. పాలసీ పేజీలో ప్రేక్షకులు లేకుండా నిర్వహిస్తే టికెట్ ధర వెనక్కిస్తాం అని ఒక లైను కలిపారు, మంచిదే, అప్పట్లో ఆ మాట లేకే కదా మేం మునిగింది. వాయిదా పడితే మాత్రం పాత కథే, ఎన్ని నెలల దాకా వాయిదా అనొచ్చు అనేదానికి గడువే లేదు. కన్వీనియెన్స్ ఫీ ఏ పరిస్థితిలోనూ ఇవ్వరట. చాట్‌బాట్‌కి కొత్త పేరు పెట్టారు, బొమ్మ కూడా మార్చారు.

వేరే దారి ఉంటే స్టేడియం కౌంటర్‌లోనో క్లబ్ సొంత సైట్‌లోనో కొనుక్కోండి, మధ్యలో ఒక చెయ్యి తగ్గుతుంది. లేదూ ఈ యాప్‌లోనే కొనాలంటే, గ్రూప్ మొత్తానికి ఒకళ్ళే కొనకండి, రీఫండ్ ఇరుక్కుంటే ఫ్రెండ్స్ అందరికీ సమాధానం చెప్పుకోలేక చస్తారు. పేమెంట్ కొట్టే ముందే పాలసీ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత ఎప్పుడు మారుస్తారో తెలీదు. ఈవెంట్ ఆగిపోయాక వోచర్ కావాలా అని ఒక పాప్-అప్ వస్తుంది, దాంట్లో ‘అంగీకరిస్తున్నాను’ బటన్ పెద్దగా నీలం రంగులో ఉంటుంది, ‘డబ్బు వెనక్కి కావాలి’ అనేది కింద బూడిద రంగులో చిన్నక్షరాల్లో ఉంటుంది, తొందరపడి పైది నొక్కకండి, నొక్కారంటే మీరే ఒప్పుకున్నారు కదా అంటారు.