చంద్రగిరి మామిడితోటలో పిల్లల వేసవి శిబిరం

చంద్రగిరి దాటి రంగంపేట వైపు వెళ్లే దారిలో, శేషాచలం కొండల పాదాన ఉన్న ఒక మామిడితోటలో ఏటా మే నెలలో పిల్లలకు పది రోజుల ఆరుబయలు శిబిరం జరుగుతుంది. తొమ్మిదేళ్ల నుంచి పదహారేళ్ల వరకు వయసున్న ఆడపిల్లలనూ మగపిల్లలనూ చేర్చుకుంటారు. ఈ వేసవిలో మా అమ్మాయినీ, మా అన్నగారి అబ్బాయినీ అక్కడికి పంపాము. తిరుపతిలో సెలవులంటే ఇప్పుడు చాలావరకు ఏసీ గదుల్లో అబాకస్, కోడింగ్ తరగతులే గనుక, చెట్ల కింద పడుకోబెట్టి, బావిలో ఈత నేర్పే చోటును నమ్మవచ్చా అని చాలామంది తల్లిదండ్రులు నన్ను అడుగుతున్నారు. లోపాలు ఉన్నప్పటికీ అది నమ్మి పంపదగిన శిబిరమే అన్నది నా అభిప్రాయం.

నాకు మొదట ఉన్న భయం ఎండ గురించి. మే నెలలో మన వైపు 40 డిగ్రీలు దాటడం మామూలే. నిర్వాహకులు రోజును ఆ ఎండకు తగ్గట్టే అమర్చుకున్నారు. తెల్లవారకముందే పిల్లలను లేపి, కొండ పాదం వెంబడి నడకకు తీసుకువెళ్లి, తొమ్మిది గంటలకల్లా తోటలోకి తెచ్చేస్తారు. అక్కడి నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎవరినీ నీడ దాటనివ్వరు. ఆ వేళల్లో తాళ్లతో ముడులు వేయడం, డేరా గుడ్డ బిగించడం, ఇంటికి ఉత్తరం రాయడం, చింతపిక్కలతో వామనగుంటలు ఆడడం వంటివి సాగుతాయి. కొంతసేపు ఏ పనీ పెట్టకుండా వదిలేస్తారు కూడా. తోట తోతాపురిది. ఆ కాయ కోత జూన్‌లో గాని మొదలు కాదు కాబట్టి, మే నెలలో తోటలో కూలీల సందడిగానీ లారీల రాకపోకలుగానీ ఉండవు. స్థలాన్నీ కాలాన్నీ ఇంత ఆలోచించి ఎంచుకున్నందుకు నిర్వాహకులను మెచ్చుకోవాలి.

నడకల విషయంలో వారి జాగ్రత్త నాకు మరింత నచ్చింది. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి ప్రాణం పోయిన తరువాత, అడవి అంచుకు పిల్లలను పంపడానికి ఏ తల్లికైనా మనసు ఒప్పుకోదు. ఇక్కడ రిజర్వు అడవిలోకి అడుగు పెట్టరు. ఊరి పొలాలకూ కొండకూ మధ్యనున్న బాట మీదే, బాగా వెలుగు వచ్చాకే, ముందొకరు వెనకొకరు పెద్దవారు ఉండగా నడుస్తారు. ఆ బాట పక్కనే పిల్లలకు ఎర్రచందనం చెట్టును చూపించారు. ప్రపంచంలో తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా పెరగని ఆ చెట్టును, స్మగ్లింగ్ వార్తల్లో దుంగలుగా మాత్రమే చూసిన మా పిల్లలు, మొసలి వీపులా పగుళ్లు బారిన దాని బెరడును మొదటిసారి చేత్తో తాకి చూశారు.

ఈ శిబిరానికి అసలు బలం వయసు కలిపిన జట్లు. పదేళ్లవారిని ఒక చోట, పదిహేనేళ్లవారిని మరో చోట ఉంచకుండా, అన్ని వయసులవారూ ఉండేలా జట్లు కట్టి, ప్రతి జట్టుకూ ఒక పెద్ద పిల్లవాణ్ణో పిల్లనో పెద్దగా పెడతారు. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పవెల్ నడిపిన స్కౌటు శిబిరంలోనూ పిల్లలను ఇలాగే చిన్న దళాలుగా చేసి, పిల్లల్లోనే ఒకరిని నాయకుడిగా నిలిపారు. మన పల్లెల్లో అక్క చెల్లెల్ని చంకనేసుకుని ఆటకు పోయే పద్ధతి అంతకన్నా పాతది. మా అన్నగారి అబ్బాయి పదో తరగతి పరీక్షలు రాసి, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా ఫోనుతోనే గడుపుతున్న రోజుల్లో అక్కడికి వెళ్లాడు. ఫోనును ద్వారం దగ్గరే తీసుకుని, చిన్న పిల్లల జట్టును అప్పగించారు. తన జట్టులో ఎవరు నీళ్లు తక్కువ తాగుతున్నారో, ఎవరు రాత్రి అమ్మను తలచుకుని ఏడుస్తున్నారో గమనించడం వాడి పని. ఇంటికి వచ్చాక ఆ పిల్లల పేర్లన్నీ చెప్పి, ఒక్కొక్కరి స్వభావం గురించీ మా వదినకు గంటసేపు వివరించాడు. ఆ వయసు పిల్లలకు ఉపన్యాసాలకన్నా తమను నమ్ముకున్న మనుషులు అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

రాత్రి ఎనిమిదిన్నర దాటాక దీపాలన్నీ ఆర్పి ఆకాశం చూపిస్తారు. తిరుపతి ప్రాంతం ఉత్తర అక్షాంశం 13.6 డిగ్రీల దగ్గర ఉన్నందున ధ్రువనక్షత్రం ఉత్తరాన బాగా కిందికి, కొండల అంచుకు కాస్త పైన మాత్రమే కనిపిస్తుంది. మే నెల మధ్యలో సుమారు తొమ్మిది గంటల వేళ దక్షిణాన దాదాపు అంతే ఎత్తులో త్రిశంకు నక్షత్రాలు నిలుస్తాయి. సప్తర్షి మండలం తోక వంపును పట్టుకుని స్వాతికీ, అక్కడి నుంచి చిత్తకూ చూపు సాగించడం మా అమ్మాయికి వచ్చేసింది. ఇప్పుడు మేడ మీద నాకు నేర్పుతున్నది.

ఈతకు దిగుడు బావి ఉంది. నడుముకు జీలుగు బెండ్లు కట్టి, మన తాతల కాలపు పద్ధతిలోనే నేర్పుతారు. ఒక విడతకు కొద్దిమందినే దించుతారు, గట్టు మీద తాడుతో ఒకరు, నీళ్లలో ఇద్దరు ఉంటారు. అయినా బావి లోతుకు లైఫ్ జాకెట్లు కూడా తప్పనిసరి చేయాలని నా సూచన. పాముల విషయంలో ఏర్పాటు బాగుంది. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారినే ఎక్కువగా కాటు వేస్తుంది గనుక అందరికీ నవారు మంచాలు వేసి, దోమతెరను పరుపు కిందికి దోపిస్తారు. కాటు పడితే తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వంటివి చేయకుండా, కాలు కదపనివ్వకుండా వెంటనే తిరుపతి రుయా ఆసుపత్రికి చేర్చాలని పిల్లలచేత కూడా చెప్పిస్తారు. అందుకు ఒక వాహనం రాత్రంతా తోటలోనే ఉంటుంది.

భోజనం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. రాగి సంగటి, ఊరిబిండి, పప్పు, మజ్జిగ, సాయంత్రం ఉడకబెట్టిన చెనిగ్గింజలు. మా పిల్లలు కడుపునిండా తిన్నారు.

లోపాలలో మొదటిది స్నానపు గదుల కొరత. ముఖ్యంగా ఎదిగిన ఆడపిల్లలకు అవి చాలవు. ఉదయం వరుసలో నిలబడవలసి రావడం, శానిటరీ ప్యాడ్లు పారవేయడానికి సరైన ఏర్పాటు లేకపోవడం ఉపేక్షించదగిన విషయాలు కావు. ఈ సంగతి నిర్వాహకులకు లిఖితపూర్వకంగా తెలియజేశాను. రెండవది, మధ్యలో తల్లిదండ్రులకు కబురు అందే పద్ధతి సరిగా లేదు. ఫోను తీసుకోవడం మంచిదే, కాని మా అమ్మాయికి ఒక రోజు జ్వరం వచ్చిన సంగతి మరుసటి రోజు గాని మాకు చెప్పలేదు. చిన్న జ్వరమైనా అదే రోజు చెప్పి తీరాలి. రుసుము నెల రోజుల ఈత శిక్షణకూ కంప్యూటర్ తరగతులకూ కలిపి పట్టణంలో అయ్యేంత అవుతుంది; ఇచ్చే శ్రద్ధను బట్టి అది ఎక్కువ అనిపించలేదు.

చేర్చదలచినవారు ఉబ్బసం, తేనెటీగ కాటుకు అలర్జీ వంటివి ఉంటే దరఖాస్తులోనే రాసి, మందులు వెంట పంపాలి. రెండు జతల కాన్వాసు బూట్లు, నూలు బట్టలు, టోపీ, టార్చిలైటు తప్పనిసరి. రుసుము కట్టే ముందు ఒక సాయంత్రం తోటకు వెళ్లి బావినీ, మంచాలనూ, స్నానపు గదులనూ స్వయంగా చూసి రావడం మంచిది; నిర్వాహకులు అందుకు ఏ అభ్యంతరమూ చెప్పరు.