గడ్డి విత్తనం డ్రిల్‌తో వేయిస్తున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

ఎండుగడ్డి కోసం కొత్తగా పొలం వేద్దామనుకుంటున్నవాళ్లకి, ముఖ్యంగా విత్తనమూ విత్తే మిషనూ రెండూ ఒకే మనిషి దగ్గర తీసుకోబోతున్నవాళ్లకి ఈ హెచ్చరిక. నేను డబ్బు ఇచ్చేశాక నేర్చుకున్నాను, మీరైనా ముందే తెలుసుకోండి. నాకు విత్తనం అమ్మి, తన మిషన్‌తో విత్తినవాడి పేరు చెప్పను, అడగొద్దు. అతని పేరు కన్నా అతను చేసిన పనేంటో, నేను చూసుకోనిదేంటో తెలిస్తేనే మీకు ఉపయోగం.

నాది ఆరెకరాలు. రోడ్స్ గడ్డి వేయాలనుకున్నాను. కాడ సన్నగా ఉంటుంది, కోశాక త్వరగా ఆరుతుంది, ఒకసారి కుదురుకుందంటే కొన్నేళ్లు వరసగా కోతలు ఇస్తుంది. గడ్డి ఎంపికలో తప్పు లేదు, ఆ మాట ఇప్పటికీ అంటాను. తేలనిదల్లా ఎలా విత్తాలన్నది. చేత్తో చల్లి పైన రోలర్ తోలడమా, డ్రిల్‌తో, అంటే ట్రాక్టర్‌కి తగిలించి గొట్టాల్లోంచి గింజని మట్టిలోకి దించే మిషన్‌తో సాళ్లలో వేయడమా, లేక అసలు దున్నకుండా పాత గడ్డిని మందు కొట్టి చంపేసి జీరో టిల్లేజ్ డ్రిల్‌తో వేయడమా? ఒకరు ఒకటి చెప్తే ఇంకొకరు దానికి పూర్తిగా ఎదురు చెప్పేవారు. సరిగ్గా ఆ టెన్షన్‌లో ఉన్నప్పుడే ఇతను దొరికాడు.

"చల్లితే సగం పిట్టలకీ చీమలకీ పోతుంది సార్, మా డ్రిల్‌తో వేస్తే సగం విత్తనం చాలు. విత్తనం కూడా కోటింగ్ వేసింది, గొట్టాల్లో ఇరుక్కోదు" అన్నాడు. ఇందులో పచ్చి అబద్ధం ఒక్కటీ లేదు, అందుకే నమ్మాను. రోడ్స్ గడ్డి గింజ నూగుతో దూదిలా తేలిపోతుంటుంది, కోటింగ్, అంటే గింజ మీద పూత, లేకపోతే మామూలు డ్రిల్ పెట్టెలో ఉండకట్టుకుని కూర్చుంటుంది తప్ప కిందికి జారదు. డ్రిల్‌ని సరిగ్గా సర్దితే చల్లడానికి కన్నా తక్కువ విత్తనం పట్టే మాట కూడా నిజమే. ఆ "సరిగ్గా సర్దితే" అన్న ముక్క మాత్రం అతను మింగేశాడు.

విత్తిన రోజు సంగతి చెప్తాను, నా తప్పు కూడా ఇందులోనే ఉంది. రోటావేటర్ మూడుసార్లు తోలించాను, మట్టి పిండిలా అయింది. పరుపులా ఉందని మురిసిపోయాను కూడా. గడ్డి విత్తనానికి అంత బోలు నేల పనికిరాదని అప్పుడు నాకు తెలియదు. విత్తే ముందు పొలంలో నడిస్తే బూటు అడుగు ఒక సెంటీమీటరు లోతున పడాలి, అంతకన్నా దిగిందంటే నేల ఇంకా గట్టిపడలేదని లెక్క, ముందు రోలర్ తోలాలి. నా పొలంలో బూటు సగం దాకా దిగింది. డ్రిల్ చూస్తే ముందురోజు ఇంకెక్కడో జొన్న వేసి అదే సెట్టింగుతో వచ్చింది. లోతు మార్చావా అని నేను అడగలేదు, అతనూ దాన్ని ముట్టుకోలేదు. ఆరెకరాలూ ఒక్కపూటలో అయిపోయాయి. అంత వేగంగా అయిపోయినందుకు సంతోషించి అతనికి టీ కూడా ఇప్పించాను!

రోడ్స్ గడ్డికి తడి సరిగ్గా ఉంటే వారంలోపే మొలక కనబడాలి. వారం అయింది, ఏమీ లేదు. ఫోన్ చేస్తే ఇంకా ఆగమన్నాడు. మూడో వారానికి అక్కడో పోచ ఇక్కడో పోచ, మిగతాదంతా తుంగ, పిచ్చిమొక్కలు. విచిత్రం ఏంటంటే ట్రాక్టర్ మలుపు తిరిగిన చివర్లలోనూ, చక్రాలు తొక్కిన జాడల్లోనూ మాత్రం గడ్డి ఒత్తుగా, గీత గీసినట్టు పచ్చగా లేచింది. అది చూశాకే నాకు వెలిగింది. చక్రం తొక్కిన చోట నేల గట్టిపడింది కాబట్టి డ్రిల్ లోతుకి దిగలేకపోయింది, గింజ పైపైనే పడింది, చుట్టూ మట్టి అదిమి ఉండటంతో తడి అందింది. మిగిలిన చోట్ల చాకుతో తవ్వి చూస్తే గింజలు రెండంగుళాల కింద ఉన్నాయి. కొన్ని మొలిచాయి కూడా పాపం, తెల్లటి దారాల్లా పైకి రాబోయి మధ్యలోనే ముడుచుకుని చచ్చాయి. ఇంత చిన్న గింజలో ఉండే తిండి ఎంత, అది రెండంగుళాల మట్టిని ఏం తోసుకుని వస్తుంది? దాన్ని అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు లోపే ఉంచాలి.

సరే, ఇది మిషన్ గొడవ. విత్తనం సంగతి ఇంకా ఘోరం. విత్తేదాకా నేను చదవని ట్యాగ్‌ని అప్పుడు తీసి చదివాను. 10 కిలోల సంచి. అందులో శుద్ధ విత్తనం 48 శాతం, కోటింగ్ 50 శాతం, మిగతా 2 శాతం చెత్త. మొలక శాతం 60 అని రాసి ఉంది, ఆ పరీక్ష తేదీ చూస్తే పద్నాలుగు నెలల కిందటిది. లెక్క వేయండి, 48లో 60 శాతం అంటే 28.8. పది కిలోల సంచిలో మొలిచే విత్తనం మూడు కిలోలు కూడా లేదు, అదీ ట్యాగ్ నిజమే అనుకుంటే. మిగిలిన సంచుల్లోంచి వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో వేసి చూశాను, 41 మొలిచాయి. అంటే సంచికి రెండు కిలోలు కూడా దక్కలేదన్నమాట. పైగా "మిషన్ కాబట్టి సగం చాలు" అని మోతాదులో సగం కోసేశాడు. కోటింగ్ విత్తనం చెడ్డదని కాదు, గొట్టాల్లోంచి జారడానికి అది మంచిదే. కానీ ఎకరానికి ఇన్ని కిలోలు అని ఎవరైనా చెప్పినప్పుడు అది కోటింగ్‌తో కలిపి చెప్పిన లెక్కా, ఉత్తి విత్తనం లెక్కా అని అడిగి తీరాలి. నేను ఉత్తి విత్తనం లెక్కలో సగం తీసుకుని, అందులో మళ్లీ సగం కోటింగే కొన్నాను.

ఇదంతా ఫోటోలతో సహా అతనికి పంపితే మొదట నీళ్లు తక్కువయ్యాయన్నాడు, తర్వాత ఎక్కువయ్యాయన్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. లోతు ఎంత ఉండాలో మా ఒప్పందంలో ఎక్కడా లేదు, అసలు ఒప్పందమే నోటిమాట. గట్టిగా అడగడానికి నా చేతిలో కాగితం లేదు.

రెండోసారి నేనే చేసుకున్నాను. ఒక తడి ఇచ్చి కలుపుని మొలవనిచ్చి, పైపైన మాత్రమే కదిపి చంపాను, లోతుగా దున్నితే మళ్లీ కొత్త కలుపు గింజ పైకొస్తుంది. తర్వాత రోలర్. కోటింగ్ లేని విత్తనం ఇంకోచోట తెచ్చి, ముందు తడిగుడ్డ పరీక్ష చేసి, పొడి ఇసుకలో కలిపి సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లాం. దానిమీద ముళ్లకంప లాగి మళ్లీ రోలర్. డ్రిల్ లెక్క కన్నా పావు వంతు పైనే ఎక్కువ విత్తనం పట్టింది, పట్టనీ. మొలక వేళ్లూనేదాకా పైపొర ఆరకుండా పలుచగా, తరచుగా తడి ఇచ్చాం. ఆరో రోజుకి పొలం మీద పచ్చటి నీడ కనబడింది.

అలాగని చల్లడమే గొప్పదని నేను అనను. నా పొలంలో వాలుగా ఉన్న మూల ఒకటుంది, పెద్ద వాన ఒకటి పడి అక్కడి గింజనంతా గట్టు దాకా ఈడ్చుకుపోయింది. అక్కడ దున్నకుండా డ్రిల్‌తో వేయించాల్సింది, పాత గడ్డి మోళ్లు మట్టిని పట్టుకుని ఉండేవి. ఈసారి ఆ మూలకి మళ్లీ డ్రిల్‌నే పిలుస్తాను. కాకపోతే మొదటి సాలు కాగానే ట్రాక్టర్ ఆపించి, నాలుగైదు చోట్ల తవ్వి గింజ ఎంత లోతున ఉందో స్కేలుతో కొలుస్తాను. గొట్టాల కింద సంచులు కట్టి కొలిచిన దూరం నడిపించి, పడిన విత్తనం తూకం వేయిస్తాను. విసుక్కునేవాడైతే అక్కడి నుంచే పంపించేస్తాను. లోతు, మోతాదు, మొలక శాతం మూడూ కాగితం మీద రాయించుకుంటాను. విత్తనం ఇచ్చేవాడూ విత్తేవాడూ ఒకడే అయితే ఇంకా జాగ్రత్త, గింజ మొలవకపోతే అది విత్తనం లోపమా మిషన్ లోపమా అని తేల్చడానికి రెండో మనిషి ఉండడు.

మొదటి కోత ఇంకా కోయలేదు. పిడికెడు పట్టి లాగితే కొన్ని మొక్కలు వేళ్లతో సహా ఊడొస్తున్నాయి, ఇంకో రెండు వారాలు ఆగాలి. పాత సంచులు మూడు షెడ్డులోనే పడి ఉన్నాయి. మొన్న ఒకాయన ఊరికే ఇస్తారా అని అడిగాడు, ఇవ్వనన్నాను.