పాత కలపపై కొత్త ఉక్కు: సీడార్ పాయింట్‌లో రెండు రోజులు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కలప పడవలు బాగుచేయడం చూసినవారికి తెలుసు, లోపలి చట్రం గట్టిగా ఉన్నంతకాలం పడవను ఎవరూ వదులుకోరు. పాడైన పలకలు ఊడదీసి, కొత్తవి బిగించి మళ్లీ వేటకు పంపుతారు. ఉక్కు కర్మాగారంలో యంత్రాల నిర్వహణ చూసి పదవీ విరమణ చేసిన నేను కిందటి వేసవిలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉన్న సీడార్ పాయింట్ వినోద ఉద్యానానికి వెళ్లింది, అటువంటి పనిని 62 మీటర్ల ఎత్తున చూడటానికే. అక్కడి స్టీల్ వెంజెన్స్ అనే రోలర్ కోస్టర్ ఒకప్పుడు కలప పట్టాలపై నడిచిన మీన్ స్ట్రీక్.

క్లీవ్‌లాండ్‌లోని మా అమ్మాయి ఇంటి నుంచి పడమరగా దాదాపు 100 కిలోమీటర్లు వెళితే సాండస్కీ పట్టణం వస్తుంది. ఉద్యానం ఈరీ సరస్సులోకి చొచ్చుకుపోయిన సన్నని నేల మీద ఉంది. గాలి మన బీచ్ రోడ్డులో లాగే వీస్తుంది గాని అందులో ఉప్పు లేదు. మొదటి రాత్రికి పట్టణంలో రహదారి పక్కన ఒక చౌక మోటెల్ తీసుకున్నాము. రెండు మంచాల గదికి డబ్బు కట్టించుకుని ఒకే మంచం ఉన్న గది ఇచ్చారు, ఎంత అడిగినా మార్చలేదు. రెండో రాత్రికి సరస్సు ఒడ్డున 1905లో ప్రారంభమైన హోటల్ బ్రేకర్స్‌కు మారాము. ఖర్చు ఎక్కువే అయినా, గదిలోంచి నడుచుకుంటూ ఉద్యానంలోకి వెళ్లవచ్చు, పైగా అక్కడ బస చేసినవారికి మిగతావారికంటే ముందుగా ప్రవేశం ఉంటుంది కనుక, పిల్లలతోనో పెద్దవారితోనో వెళ్లేవారికి అదే మేలు.

మీన్ స్ట్రీక్ 1991లో మొదలైంది; ఎత్తు 49 మీటర్లు. కలప కోస్టర్‌లో పట్టా అంటే పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి బిగించిన దొంతర. చక్రం తగిలే చోట మాత్రమే పలుచని ఉక్కు పట్టీ ఉంటుంది. రైలు వెళ్లిన ప్రతిసారీ ఆ దొంతర కొద్దిగా వంగుతుంది, మేకులు వదులవుతాయి, ఎండా వానా కలపను ఉబ్బించి కుదిస్తాయి. పట్టా రవ్వంత జరిగిందంటే చక్రం అక్కడే సుత్తిలా మోదుతుంది, ఆ దెబ్బకు అది ఇంకాస్త జరుగుతుంది. నిర్వహణలో పనిచేసినవారికి ఈ విషవలయం కొత్తది కాదు. 2016 సెప్టెంబరులో దానిని మూసివేశారు.

ఐడహో రాష్ట్రానికి చెందిన రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్ సంస్థ, 2011లో తిరిగి తెరుచుకున్న టెక్సస్ జెయింట్ అనే మరో పాత కలప కోస్టర్‌పై తొలిసారి ప్రయోగించిన పద్ధతినే ఇక్కడా అనుసరించింది. కలప స్తంభాలలో, అడ్డదూలాలలో చాలా భాగాన్ని నిలిపి ఉంచి, పైనున్న దొంతర స్థానంలో ఉక్కు పలకలను వెల్డింగ్ చేసిన, ఐ అక్షరపు దూలాన్ని పోలిన పట్టాను అమర్చింది. ముందుగానే కచ్చితమైన వంపుతో తయారై వచ్చే ఈ పట్టాను మెలితిప్పవచ్చు. అందుకే మీన్ స్ట్రీక్‌లో లేని తలకిందుల మలుపులు ఇప్పుడు నాలుగు ఉన్నాయి. 2018 మేలో తెరిచిన స్టీల్ వెంజెన్స్ నిట్టనిలువుగా 90 డిగ్రీల కోణంలో దిగుతుంది. వేగం గంటకు 119 కిలోమీటర్లు, పొడవు 1,750 మీటర్లు.

నేను మనవడి పక్కన కూర్చున్నాను. మొదటి వాలు అంచుకు చేరగానే వాడు "తాతయ్యా, చేతులు వదిలెయ్యి" అన్నాడు, వదల్లేకపోయాను. తొడలపై కడ్డీ గట్టిగా పట్టి ఉంచినా, ప్రతి గుట్ట మీదా ఒంట్లో బరువు లేనట్టు సీటు నుంచి పైకి లేస్తాము. ఆశ్చర్యమేమిటంటే నడుముకు గాని మోకాళ్లకు గాని ఒక్క గుద్దు తగలలేదు. దిగిన తరువాత కింద నిలబడి చాలాసేపు చూశాను: రైలు దూసుకుపోయినప్పుడు కలప స్తంభాలు కొద్దిగా ఊగుతున్నాయి. అది లోపం కాదు, కలప భారాన్ని ఓర్చుకునే తీరే అది.

పోయినదీ ఒకటుంది. అదే ఉద్యానంలో 1964 నాటి బ్లూ స్ట్రీక్ ఇప్పటికీ కలప పట్టాపైనే నడుస్తోంది. ఎత్తు 24 మీటర్లే అయినా, పలకల మీద చక్రాలు చేసే ఆ గడగడ మోతను ఉక్కు పట్టా ఇవ్వలేదు. కనుక ముందు బ్లూ స్ట్రీక్ ఎక్కండి, అప్పుడే తేడా ఒంటికి తెలుస్తుంది. స్టీల్ వెంజెన్స్ ఉద్యానం వెనుక భాగంలో ఉంటుంది. మా ఆవిడకు నడక కష్టమై ఆవిరి రైలులో వెళ్లాము, కైలాసగిరి చిన్న రైలును ఇష్టపడేవారికి అది తప్పక నచ్చుతుంది. పిల్లల ఎత్తు 132 సెంటీమీటర్లు దాటిందో లేదో ఇంటి దగ్గరే కొలిచి చూడండి, ఫోనూ కళ్లజోడూ జేబులో పెట్టుకుని మాత్రం ఎక్కకండి.