ప్రైవేటు రాఫ్టింగ్ సామాన్ల జాబితా: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

అమెరికాలో గ్రాండ్ కాన్యన్ నదీ ప్రయాణాలు మొదలయ్యే లీస్ ఫెర్రీ రేవులో పడవలు బయల్దేరే ముందు రేంజర్ వచ్చి తప్పనిసరి సామాన్లన్నీ చూపించమంటారు. ఆ జాబితాలో నేను అన్నిటికన్నా ఎక్కువ మెచ్చుకునేది మరుగుదొడ్డి పెట్టెను. గ్రాండ్ కాన్యన్‌లో కొలరాడో నది మీద, యూటాలో శాన్ హువాన్ నది మీద, అక్కడే గ్రీన్ నది పారే డెసొలేషన్ కాన్యన్‌లో గైడు లేకుండా మా పడవలు మేమే నడుపుకుంటూ ఏళ్ళుగా తిరుగుతున్నాం. ఏ నదికి పర్మిట్ తీసుకున్నా అడిగే సామాన్లు కాస్త అటూ ఇటూగా అవే. ఇన్నాళ్ళూ వాడాక నాకు అర్థమైంది ఏమిటంటే, నదిని కాపాడే సామాన్ల విషయంలో ఈ నిబంధనలు చాలా పక్కాగా ఉన్నాయి. మనిషిని కాపాడే సామాన్ల విషయంలో మాత్రం కనీసం ఇంత ఉండాలని చెప్పి ఊరుకుంటాయి. మిగతాది మనమే కలుపుకోవాలి.

ముందు ఆ పెట్టె సంగతి. మలం ఎక్కడా పూడ్చకూడదు, వదిలెయ్యకూడదు, మొత్తం వెనక్కి మోసుకురావాలి. అందుకు గట్టిగా మూతపడే, కడిగి మళ్ళీ వాడుకునే పెట్టె ఉండాలి, ప్లాస్టిక్ సంచులు చాలవు. సైన్యం వాడే ఇనుప మందుగుండు పెట్టెల కొలతలోది ఒక్కొక్కటి సుమారు 50 వాడకాలకు వస్తుంది. జట్టులో 16 మంది, వేసవిలో 16 రోజులు అనుకోండి, మనిషికి రోజుకొకటి చొప్పున 256 వాడకాలు. అంటే ఆరు పెట్టెలు. ఈ లెక్క బయల్దేరే ముందే వేసుకోవాలి, దారిలో ఖాళీ పెట్టె ఎక్కడా దొరకదు. కొనేటప్పుడు మూత చుట్టూ ఉండే రబ్బరు పట్టీని వేలితో నొక్కి చూడండి. బీటలుంటే కొత్తది వేయించండి. మూత్రం మాత్రం నేరుగా నదిలోనే పోయాలి, ఇసుక తిన్నెల మీద కాదు. కొత్తవాళ్ళు దీనికి ముఖం చిట్లిస్తారు గానీ, వానలే అరుదైన ఆ ఎడారిలో, ప్రతి రాత్రీ ఎవరో ఒకరు బస చేసే తిన్నె మీద వాసన ఎన్నాళ్ళు నిలుస్తుందో ఆలోచించండి. 1963లో గ్లెన్ కాన్యన్ డ్యామ్ వచ్చాక పైనుంచి ఒండ్రు రావడం తగ్గిపోయి ఆ తిన్నెలు కూడా చిక్కిపోతున్నాయి. ఉన్నవాటినైనా శుభ్రంగా ఉంచుకోవాలి కదా.

ఆ పెట్టె పక్కనే చేతులు కడుక్కునే ఏర్పాటు ఉండాలి, ఇందులో రాజీ పడకండి. 2022లో గ్రాండ్ కాన్యన్‌లో 200 మందికి పైగా వాంతులు, విరేచనాలతో పడిపోయారు, పడవల్లోని మరుగుదొడ్ల నమూనాల్లో నోరోవైరస్ బయటపడింది. శానిటైజర్ దానిమీద అంతగా పనిచెయ్యదు, సబ్బూ నీళ్ళే దిక్కు. మేము కాలితో నొక్కే చిన్న పంపు వాడతాం. చేత్తో తిప్పే కుళాయి కన్నా ఎంతో నయం.

అంట్లు తోమిన నీళ్ళను సన్నటి జల్లెడలో వడకట్టి, మెతుకులు చెత్తలో వేసి, నీళ్ళను ప్రవాహంలో పోయాలి. మంట వేస్తే అంచులున్న ఇనప పళ్ళెంలోనే వెయ్యాలి, బూడిద కూడా మనతోనే రావాలి. ఈ రెండింటి మీద చెప్పడానికి ఎక్కువేం లేదు, ఏ ఇబ్బందీ పెట్టలేదు.

ఇక లైఫ్ జాకెట్. అమెరికా కోస్ట్ గార్డ్ ఆమోదించిన టైప్ 3 లేదా టైప్ 5 ఉండాలి, లేబుల్ చదవగలిగేలా ఉండాలి, అదనంగా జాకెట్లు కూడా తేవాలి. అందరూ ఇంతవరకూ చూసి తృప్తిపడతారు. కానీ టైప్ 3కి మనిషిని పైకి తేల్చే శక్తి కనీసం 15.5 పౌండ్లుంటే చాలు. పెద్ద రాపిడ్‌లో, అంటే నది రాళ్ళ మీంచి ఉధృతంగా దూకే చోట, నీళ్ళలో సగం గాలి బుడగలే, ఆ నురగలో జాకెట్ మామూలు నీళ్ళలో తేల్చినంతగా తేల్చదు. గ్రాండ్ కాన్యన్‌లోని లావా ఫాల్స్ లాంటి భీకరమైన రాపిడ్‌కి నేను 22 పౌండ్లకు తగ్గనిదే వేసుకుంటాను, మా జట్టులో వాళ్ళకూ అదే చెబుతాను. ఇంకో సంగతి, లేబుల్ ఎంత బాగున్నా సైజు సరిపోకపోతే దండగే. అన్ని పట్టీలూ బిగించి, వెనక నిలబడ్డవాళ్ళు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే అది చెవుల దాకా రాకూడదు. ఎండకూ, మనం దానిమీద కూర్చోవడానికీ లోపలి ఫోమ్ చచ్చిపోతుంది. ఏటా ఒకసారి నిలకడ నీళ్ళలో వేసుకుని, గడ్డం ఎంత పైన తేలుతోందో చూసుకోండి. బయట 40 డిగ్రీల ఎండ కాస్తున్నా, డ్యామ్ అడుగునుంచి వచ్చే ఆ నీళ్ళలో పడితే నిమిషాల్లో చేతివేళ్ళు కొంకర్లు పోతాయి. ఈత మీద ధైర్యం అక్కడ పనికిరాదు.

అదనపు తెడ్డు పడవకొకటి చొప్పున ఉండాలి, అది అడుగున కట్టేస్తే ఉన్నా లేనట్టే. పట్టీ ఒక్కటి లాగితే చేతికొచ్చేలా పక్కన కట్టండి. విసిరే తాడు సంచి అన్ని జాబితాల్లోనూ కనిపించదు, కానీ నేను పడవకొకటి పెట్టకుండా కదలను. తాడు నీళ్ళ మీద తేలే రకమై ఉండాలి, పక్కనే తాడు కోసే కత్తీ ఉండాలి. పడవ చిరిగితే అతికే సామాన్ల పెట్టె విషయంలో జిగురు తేదీ చూడండి, మూత తెరిచిన డబ్బా మరుసటి ఏడాదికి గట్టిపడిపోతుంది.

కనుమలో ఫోన్ సిగ్నల్ ఉండదు. ఉపగ్రహంతో సందేశాలు పంపే పరికరం మాకు బాగా పనికొచ్చింది. అయితే గోడలు ఇరుకైన చోట ఆకాశం కొంచెమే కనబడుతుంది, సందేశం వెళ్ళడానికి చాలాసేపు పట్టొచ్చు. అందుకే ఎండను మెరిపించి సైగ చేసే అద్దాన్నీ, హెలికాప్టర్‌కు కనబడేలా పరిచే నారింజ రంగు గుడ్డలనీ పాతకాలపువని పక్కన పెట్టకండి.

చివరగా డబ్బు సంగతి, దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ప్రైవేటు పర్మిట్ మీద ఎవరూ లాభం చేసుకోకూడదు, ఖర్చులు మాత్రం పంచుకోవచ్చు. పడవ నడిపినందుకు ఎవరికైనా జీతమిస్తే అది వాణిజ్య ప్రయాణం కిందికొస్తుంది. కాబట్టి తెడ్డు పట్టగలిగేవాళ్ళు మీ జట్టులోనే ఉండాలి. గ్రాండ్ కాన్యన్‌కు దరఖాస్తు పెట్టే ముందు శాన్ హువాన్ లాంటి, రాపిడ్‌లు అంత భీకరంగా లేని నది మీద ఇవే సామాన్లతో ఒకసారి వెళ్ళిరండి. ఏ పట్టీ జారుతోందో, ఏ మూత కారుతోందో అక్కడే తెలిసిపోతుంది.